నేలలో కలిసిపోయే మల్చింగ్ షీటు: పొలమే గీటురాయి

కూరగాయల సాగులో మల్చింగ్ షీటు కలుపును అరికట్టి, నేలలో తేమను నిలుపుతున్నది. అయితే పంట ముగిసిన పిదప చిరిగి మిగిలిన పాలిథీన్ ముక్కలు ఏళ్ల తరబడి మట్టిలోనే ఉండిపోతున్నవి. దీనికి ప్రత్యామ్నాయం సూక్ష్మజీవులలో ఉన్నది. బాక్టీరియా తమలో నిల్వ చేసుకొనే పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్‌ను ఫ్రెంచి శాస్త్రవేత్త మారిస్ లెమ్వాన్ 1926లో వెల్లడించారు. దానిని తయారుచేసే జన్యువులను 1988లో ఈ. కోలై బాక్టీరియాలో ప్రవేశపెట్టగలిగారు. నేలలోని సూక్ష్మజీవులు ఈ పదార్థాన్ని ఆహారంగా గ్రహించి విచ్ఛిన్నం చేస్తవి.

అంతమాత్రాన దీనిని రైతుకు సిఫారసు చేయుట తొందరపాటే. ఇది పాలిథీన్ కంటే ఖరీదైనది, పెళుసైనది. విచ్ఛిన్నమయ్యే వేగము ఉష్ణోగ్రతను, తేమను బట్టి మారుతుంది. పంట చేతికి రాకముందే చిరిగితే రైతుకు నష్టం. పంట తరువాతా మిగిలితే నేలకు నష్టం. కావున రాయలసీమ ఎర్రనేలలలోను, కృష్ణా డెల్టా నల్లనేలలలోను వేర్వేరుగా పరీక్షించవలసి ఉన్నది. ఉత్పత్తికి ఆహారధాన్యాలను గాక మొలాసిస్, వరిగడ్డి వంటి వాటిని వినియోగించాలి. జన్యుమార్పిడి జీవులను 1989 నాటి నిబంధనల మేరకు మూసివున్న పాత్రలలోనే పెంచాలి. ప్రయోగశాల ఫలితము ఆశ కల్పించవచ్చును. సిఫారసుకు మాత్రం పొలం ఫలితమే ఆధారం కావాలి.