వాన ఒక్కటే ముంచిందా?



బెంగుళూరు మారతహళ్ళిలో తెలుగు మాట వినపడని వీధి లేదు. రాయలసీమ నుంచీ, కోస్తా నుంచీ, తెలంగాణ నుంచీ పోయినవాళ్ళు అక్కడ ఇళ్ళు కడుతున్నారు, గేట్ల దగ్గర కాపలా కాస్తున్నారు, హాస్టళ్ళలో వండుతున్నారు, కంపెనీల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. మిల్లు కార్మికుల పిల్లలూ వాళ్ళలో ఉన్నారు. అందుకే అక్కడి నీళ్ళ గొడవ మనకెందుకులే అనుకోవడానికి లేదు.

2022 ఆగస్టు 30న ఒకసారి, సెప్టెంబరు 4 రాత్రి మరోసారి ఆ ప్రాంతం మునిగింది. రెండోసారి ఒక్క రోజులో నగరంలో 130 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. మారతహళ్ళి, బెళ్ళందూరు, యమలూరు పక్కన జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో దాటించారు. కారణం ఏమిటని అడిగితే, అప్పటి ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై కనీవినీ ఎరుగని వానను చూపించారు, ముందటి ప్రభుత్వాలను చూపించారు. ఔటర్ రింగ్ రోడ్డు కంపెనీల సంఘం ఆగస్టు 30 ఒక్కనాడే 225 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని ముఖ్యమంత్రికి లేఖ రాసింది. అది కంపెనీల నష్టం. ఇంటిపనికి పోలేకపోయిన మనిషి కూలీ, తడిసిపోయిన బియ్యం, పాడైన కుట్టుమిషను ఆ 225 కోట్లలో లేవు.

వాన ఎక్కువ పడిన మాట నిజం. కానీ వాన ఒక్కటే ముంచిందా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి మిల్లులో పనిచేసే మనకు కొత్తది కాదు. రింగ్ ఫ్రేమ్ మీద పోగు ఎందుకు తెగుతుంది? పత్తి పొట్టి పింజదైతే తెగుతుంది. డిపార్టుమెంటులో తేమ తగ్గితే తెగుతుంది. ట్రావెలర్ అరిగినా, రోలర్ పాడైనా తెగుతుంది. స్పిండిల్ వేగం పెంచితే తెగుతుంది. వీటిలో ఏదో ఒక్కటే అయితే చాలాసార్లు సర్దుకుపోతుంది. ఎండాకాలం గాలి పొడిబారిన రోజున, చవకరకం పత్తి వేసి, ఉత్పత్తి కోసం వేగం కూడా పెంచితే, ఒక్కో కారణం రెండోదాన్ని ఎగదోస్తుంది. అప్పుడు మనిషి ఎంత పరుగెత్తినా పోగులు అతకలేడు. ఛార్జిషీటు మాత్రం ఆ మనిషి పేరు మీదే వస్తుంది.

మారతహళ్ళి నీళ్ళనూ ఇలాగే విడదీసి చూద్దాం.

బెంగుళూరుకు పెద్ద నది లేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది. పడిన వాన నాలుగు దిక్కులా పల్లానికి జారిపోతుంది. అందుకే పాతకాలం వాళ్ళు గొలుసుకట్టుగా చెరువులు తవ్వారు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు పోవాలి. ఆ నీళ్ళు పారే దారిని అక్కడ రాజకాలువ అంటారు. కైకొండ్రహళ్ళి చెరువు నీళ్ళు సావళకెరెకు, అక్కడి నుంచి బెళ్ళందూరుకు, బెళ్ళందూరు నుంచి వర్తూరుకు, చివరికి దక్షిణ పినాకినికి చేరాలి. కాకతీయుల చెరువులు చూసిన మనవాళ్ళకు ఈ ఏర్పాటు విడమరచి చెప్పనక్కరలేదు. గొలుసులో ఒక్క కొక్కెం తెగినా కిందా మీదా రెండూ చెడతాయి.

ఆ గొలుసు ఏమైంది? బెళ్ళందూరు చెరువుకు నీళ్ళు తెచ్చే కోరమంగళ లోయలో 1900ల మొదట్లో 113 కిలోమీటర్లున్న కాలువలు 2016-17 నాటికి 63 కిలోమీటర్లకు తగ్గాయని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2021 నివేదిక చెప్పింది. ఇది సర్కారు సొంత ఆడిటు చెప్పిన లెక్క, వరద రాకముందే చెప్పిన లెక్క.

కాలువలు వాటంతటవే కుదించుకుపోవు. కంపెనీలు వచ్చాయి, భూమి ధర పెరిగింది. ధర పెరిగాక కాలువ గట్టు కూడా సొమ్మయింది. కట్టడాలు, సిమెంటు పెరిగేసరికి నేలలో ఇంకవలసిన నీరు ఒక్క గంటలో పారడం మొదలైంది. జనం పెరిగేసరికి మురుగు పెరిగింది. మురుగు, పూడిక నిండిన చెరువులో వాననీటికి చోటు తగ్గింది. ఎక్కువైన నీటికి ఇరుకైన కాలువ చాలక అది రోడ్డెక్కింది. 2017లోనూ 2018లోనూ బెళ్ళందూరు చెరువు మీద మంటలు లేచాయంటే అందులో చేరింది ఎలాంటి నీరో ఊహించుకోవచ్చు. ఇన్నీ సిద్ధంగా ఉన్నచోటికి వాన ఆఖరున వచ్చింది.

మరో సంగతి. 2022లో మునిగిన ఈ తూర్పు బెంగుళూరే 2024 మార్చిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. ముందు ఏడాది వానలు తక్కువ పడ్డాయి. నగరంలోని సుమారు 13,900 సర్కారు బోర్లలో 6,900 దాకా ఎండిపోయాయని అప్పటి ఉపముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ చెప్పారు. పత్రికలు వీటిని రెండు వార్తలుగా వేశాయి. మాకు రెండూ ఒకే వార్తగా కనిపిస్తున్నాయి. నేలలో ఇంకని నీరు వానాకాలం ఇంట్లోకి వస్తుంది, ఎండాకాలం బోర్లో దొరకదు.

ఇలాంటి చిక్కు విషయాల్లో మనల్ని రెండు రకాలుగా మోసం చేస్తారు. మొదటిది, పది కారణాల్లో ఒక్కదాన్ని ఏరి చూపడం: "అంతా వాన వల్లే", "అంతా ఆక్రమణదారుల వల్లే". 2022 సెప్టెంబరులో అప్పటి మహానగర పాలికె మహదేవపుర ప్రాంతంలో ఆక్రమణల కూల్చివేత మొదలుపెట్టింది. కొన్నిచోట్ల కోర్టు స్టేలతో అది ఆగింది. గోడ కూలిన చోట ఇల్లు కట్టుకున్నవాడు కనిపిస్తాడు. లేఅవుటు అమ్మినవాడు, ప్లాను మీద సంతకం పెట్టినవాడు కనిపించరు. రెండో మోసం ఇంకా నాజూకైనది: "అబ్బో, ఇది చాలా క్లిష్టమైన సమస్య, ఎన్నో కారణాలున్నాయి, ఎవర్నీ అనలేం". కారణాలు ఎక్కువున్నంత మాత్రాన బాధ్యులు లేకుండా పోరు. బాధ్యులు కూడా ఎక్కువమంది ఉంటారు, అంతే.

మన పరిశ్రమ చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణ బొంబాయి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు 2.5 లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్ళలో మన తెలుగు పద్మశాలీలూ ఉన్నారు. ఆ సమ్మె వల్లే మిల్లులు పోయాయని ఇప్పటికీ చెబుతారు. సమ్మెకు ఏ పాత్రా లేదని మేమనం. ఏడాది దాటిన సమ్మె, అప్పటికే నీరసించిన మిల్లులను ఇంకా నీరసపరిచింది. కానీ సమ్మెకు ముందే పవర్‌లూములు పెరిగాయి. పాత యంత్రాలను మార్చకుండా లాభాన్ని వేరేచోటికి తరలించిన యాజమాన్యాలున్నాయి. 1985 జౌళి విధానం మిల్లులు మూసుకోవడాన్ని తేలిక చేసింది. 1991 నాటి బొంబాయి నగర నిబంధనలు మిల్లు భూములను అమ్ముకునే దారి తెరిచాయి. బట్టకన్నా భూమి ఎక్కువ పలికే చోట మిల్లు నడపాలనే కోరిక ఎంతకాలం నిలుస్తుంది? మారతహళ్ళిలో కాలువను మింగిందీ, బొంబాయిలో మిల్లును మింగిందీ చాలావరకు ఈ భూమి ధరే.

ఎవరైనా మనకు ఒకే కారణం చెప్పినప్పుడు మనం నాలుగు ప్రశ్నలు వేయాలి. ఇంకా ఏమేం కారణాలున్నాయి? ఏది దేన్ని పెంచింది? వీటిలో మనిషి చేతిలో ఉన్నవి ఏవి, అవి ఎవరి చేతిలో ఉన్నాయి? నష్టం ఎవరి మీద పడింది? వాన ఎవరి చేతిలోనూ లేదు. కాలువ వెడల్పు, ప్లాను అనుమతి, చెరువు పూడిక, మురుగు శుద్ధి మాత్రం ఫలానా కార్యాలయంలో, ఫలానా బల్ల మీద ఉన్నాయి. అడగవలసింది అక్కడ.

ఈ నాలుగు ప్రశ్నలూ మన పక్షానికీ వర్తిస్తాయి. ప్రతి కష్టానికీ "యాజమాన్యమే కారణం" అని ఒక్క మాటలో తేల్చేస్తే, రేపు యాజమాన్యం లెక్కల కాగితాలు తెచ్చి ముందు పెట్టినప్పుడు మన దగ్గర జవాబుండదు.

కాబట్టి ఒక సూచన. ప్రతి షిఫ్టులోనూ ఒకరు చిన్న నోటుపుస్తకం పెట్టుకోవాలి. ఆ రోజు తేమ ఎంత, ఏ పత్తి కలిపారు, స్పిండిల్ వేగం ఎంత, ఎన్ని పోగులు తెగాయి అనే నాలుగు గడులు చాలు. మూడు నెలలు రాస్తే ఏది దేన్ని పెంచుతోందో మనకే తెలుస్తుంది. ఛార్జిషీటుకు జవాబు రాసేటప్పుడు ఆ పేజీలు దగ్గర పెట్టుకుని కూర్చుందాం.