గోడమీది తెలుగు కాగితంమీద ఎందుకుండదు?

ఆ మధ్య కొల్లేటి లంకనుండి నా పూర్వ విద్యార్థిని ఒకతె ఏలూరు వచ్చి, మూడు స్కానింగు నివేదికలు నా ముందు పరచినది. నెలలు నిండవస్తున్న చూలాలు. మూడు కాగితాలు, మూడు పురుటి తేదీలు! కడపటిదానిలో తొడయెముక కొలత కెదురుగా 32 వారాలని ఉన్నది. ఆమెకు నడుస్తున్నవి 34. "బిడ్డ రెండు వారాలు వెనకబడిందటండీ మాస్టారూ" అని కంట నీరు పెట్టుకొన్నది. ఆ మాట వైద్యులు చెప్పినది కాదు, కాగితం చూచి ఇరుగుపొరుగు అన్నది.

నేను తెలుగు పండితుణ్ణే గాని వైద్యుణ్ణి కాను. అయినా అందులో ఉన్నది బ్రహ్మవిద్య కాదు. బీపీడీ అంటే తల అడ్డుకొలత. హెచ్‌సీ తల చుట్టుకొలత. ఏసీ పొట్ట చుట్టుకొలత. ఎఫ్‌ఎల్ తొడయెముక పొడవు. వీటిని సూత్రంలో వేసి యంత్రం బరువు అంచనా కడుతుంది. అది నూటికి 10, 15 పాళ్లు అటూ ఇటూ కావచ్చు. కొలత కెదుట వేసే వారాలు బిడ్డ వయస్సు కాదు. సగటు బిడ్డకు ఆ కొలత ఏ వారంలో ఉంటుందో, ఆ వారం. తొలి మూడు నెలలలో నడినెత్తినుండి పిరుదులదాకా కొలిచి కట్టిన తేదీకి తేడా సుమారు వారం. ఏడవ నెల దాటిన పిమ్మట తీసినదానికి మూడు వారాలదాకా ఉండవచ్చు. కనుక తొలి స్కానింగుతో స్థిరపడిన పురుటి తేదీని తరువాతి కాగితాలు మార్చరాదు. పెరుగుదల తెలియాలంటే కొన్ని వారాల ఎడంతో తీసిన నివేదికలను పోల్చాలి. పొట్ట కొలత మందగిస్తే ఉపేక్షించరాదు. అది వైద్యులు తేల్చవలసిన విషయం.

ఇంతపాటి వివరణ తెలుగులో అచ్చువేసి ఇవ్వరాదా? "పల్లెటూరివాళ్లకు అర్థం కాదండీ" అంటారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగగొట్టిననాటినుండి ఐదవ కాంటూరు అంటే ఏమిటో కొల్లేటివారికి ఎవరు నేర్పారు? వల విసిరి పట్టిన నాలుగు చేపలను తూచి చెరువంతటికీ సగటు కట్టే ఇంటి ఆడపడుచుకు సగటు అర్థం కాదా?

గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పడం నేరమన్న పలక ప్రతి స్కానింగు కేంద్రంలోనూ స్థానిక భాషలో కూడ ఉండాలని 1994 నాటి చట్టం కింద నియమమున్నది. అందుచేత ఏలూరైనా, తాడేపల్లిగూడెమైనా ఆ తెలుగు గోడమీద వేలాడుతున్నది. చట్టం అడిగితే గోడకెక్కిన తెలుగు, తల్లి అడిగితే కాగితానికి దిగిరాదా?

తప్పు మాబోటి పండితులదీ ఉన్నది. మమ్మల్ని అడిగితే "ద్విపార్శ్వాస్థి వ్యాసము" అని పెట్టి చేతులు దులుపుకొంటాము. అది బీపీడీకంటె ఏమి మేలు? తల అడ్డుకొలత అంటే చాలదా? మిత్రులారా, ఇంతకంటె తేలికమాటలు మీకు తోస్తే చెప్పండి.

ఆ అమ్మాయి తొలి నివేదికను పైన పెట్టుకొన్నది. మరునాడు డాక్టరమ్మను అడగవలసిన రెండు ప్రశ్నలు దాని వెనుక తెలుగులో వ్రాసుకొని వెళ్లినది.