నడినెత్తిన అద్దం

కర్నూలులో మా ఆపా పాత మిద్దెను తీసివేసి కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు, నడిమి సెహన్‌ను మాత్రం వదులుకోలేదు. వాన పడకూడదు, వెలుతురు పోకూడదు అని దానిపై ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవున అద్దపు కప్పు వేయించారు. “ఇది టఫెన్డ్ అద్దం మౌల్వీ సాబ్, మనిషి నడిచినా పగలదు” అన్నాడు దుకాణదారు. తెలియనిది తెలియదని చెప్పమని విద్యార్థులకు బోధించే నేను, ఆనాడు తెలిసినవాడిలా తల ఊపాను.

రెండేళ్ళు గడిచాయి. ఒక వేసవి మధ్యాహ్నం, ఎవరూ రాయి విసరకుండానే, ఒక పలక పెళ్ళున పగిలి కుప్పగా రాలింది. పిల్లలు అప్పుడే భోజనానికి లోపలికి వెళ్ళారు. అల్‌హమ్దులిల్లాహ్, ఎవరికీ గాయం కాలేదు. సలహా ఇచ్చిన వాణ్ణి గనుక చాలా రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. ఆ తరువాత తెలిసినవారిని అడిగి గ్రహించిన విషయాలే ఈ నెల వ్రాస్తున్నాను.

దుకాణదారు అబద్ధమాడలేదు. టఫెన్డ్ అద్దాన్ని 600 డిగ్రీలకు పైగా వేడిచేసి, గాలితో చప్పున చల్లారుస్తారు. మామూలు అద్దానికి నాలుగైదు రెట్ల బలం వస్తుంది. కానీ ఆ బలం లోపల బిగించి పెట్టిన ఒత్తిడి నుండి వచ్చినదే. తయారీలో నికెల్ సల్ఫైడ్ రేణువు ఒకటి లోపల చిక్కుకుంటే, అది మెల్లగా ఉబ్బి, ఏళ్ళ తరువాతనైనా పలకను పగలగొట్టవచ్చు. ముక్కలు చిన్నవే, కత్తుల వలె ఉండవు. అయినా అంత ఎత్తునుండి గడ్డలుగా తలపై పడితే చిన్నవని చెప్పి ప్రయోజనమేమి?

కనుక తలపై ఉండే అద్దం ఎంత గట్టిదని కాక, పగిలిన తరువాత ఎక్కడ ఉంటుందని అడగాలి. దానికి జవాబు లామినేటెడ్ అద్దం. రెండు పలకల నడుమ పీవీబీ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. పగిలినా ముక్కలు దానికే అంటుకుని, పలక మార్చేవరకు పైననే నిలుస్తాయి. ధర ఎక్కువే. బరువూ లెక్క చూడాలి: ఒక చదరపు మీటరుకు, ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. రెండు 6 మిల్లీమీటర్ల పలకలతో ఆపా సెహన్ కప్పాలంటే, ఫ్రేము కాక, 220 కిలోలు దాటుతుంది. ఇంజనీరును అడగకుండా ఎత్తరాదు. వాలు తప్పనిసరి, అంచున నీరు నిలిస్తే లోపలి పొర తెల్లబారి ఊడిపోతుంది.

ఇక మన ఎండలు. పీవీబీ పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది గనుక తివాచీలు వెలిసిపోవడం తగ్గుతుంది. కానీ వేడి ఆగదు. సాదా అద్దం ఎండవేడిలో నూటికి 80 పాళ్ళ వరకు లోపలికి వదులుతుంది; మంచి సోలార్ కంట్రోల్ పూత ఉన్నది 30 పాళ్ళ లోపే. ఆ అంకెను కాగితంపై చూపమనండి. లోపల కట్టిన తెర కంటే అద్దంపైన వేసిన పందిరి మేలు, ఎందుకంటే వేడి ఇంట్లోకి రాకముందే ఆగుతుంది. కప్పును కొంత ఎత్తులో లేపి పక్కలకు జాలీ పెడితే వేడిగాలికి దారి దొరుకుతుంది.

పరదా విషయంలో చాలామంది మోసపోతున్నారు. అద్దంలా మెరిసే రిఫ్లెక్టివ్ పలక పగలు మాత్రమే మరుగునిస్తుంది. రాత్రి లోపల దీపం వెలిగితే పక్క మేడవారికి సెహనంతా కనిపిస్తుంది. పాలరంగు పొర ఉన్న లామినేటెడ్ పలక రాత్రింబవళ్ళు మరుగునిస్తుంది.

ఖర్చు భరించలేనివారు పాలికార్బొనేట్ షీటు వేసుకోవచ్చు. తేలిక, తేలికగా పగలదు. గీతలు పడుతుంది, వానకు చప్పుడెక్కువ. ఎండను తట్టుకునే పూత ఉన్న వైపు పైకి రావాలి, లేకుంటే త్వరగా పసుపుబారుతుంది.

ఆపా చివరకు మూడు వంతులు స్లాబు వేయించి, మిగిలిన చోట లామినేటెడ్ పలక పెట్టించారు. గాలిపటాల రోజుల్లో మేడమెట్ల తలుపుకు తాళం వేసి, చెవిని తన కొంగుకు కట్టుకుంటారు.