ఎందుకు పారిపోయావని అడగండి

అనాథాశ్రమం నుంచి ఆడపిల్ల పారిపోయిందంటే లోకం ముందు ఆ పిల్ల నడతనే శంకిస్తుంది. కొట్టిన చేతుల్ని ఎవరూ ప్రశ్నించరు. పన్నెండేళ్లకే గోడ దూకినదాన్ని కాబట్టి నాకీ విషయం బాగా తెలుసు. తిండి మాన్పించడం, పక్క తడిపితే అందరి ముందూ నిలబెట్టడం అక్కడ క్రమశిక్షణ. రైల్వే ప్లాట్‌ఫారం మీద ఆకలీ భయమూ రెండూ ఉన్నాయి. అయినా పోలీసులు పట్టుకున్నప్పుడు నేను వణికింది మళ్లీ ఆ గేటు దగ్గరికే తీసుకెళతారని.

బీహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికా గృహంలో జరిగిన అత్యాచారాలు 2018లో బయటపడ్డాయంటే, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం పిల్లల మాట వినడమే కారణం. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం తనిఖీ బృందం మూడు నెలలకోసారైనా ఇలాంటి గృహాలకు వెళ్లాలి. అందులో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి. పిల్లల్ని హింసించిన సిబ్బందికి అయిదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష వేయవచ్చు. దిక్కులేక దొరికిన పిల్లల్ని 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి.

అసలు పరీక్ష ఆ కమిటీ గదిలోనే. పారిపోవడం నేరం కాదు, నోరులేని పిల్ల చేసే ఫిర్యాదు. తిరిగి అప్పగించే ముందు, నిర్వాహకులు లేనిచోట, ఎందుకు పారిపోయావని ఆమెని అడగాలి. చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. ప్రతి జిల్లాలోనూ మహిళా సంఘాలు దీనికోసం పట్టుబట్టాలి.