పరదేశపు సమాధిపై మాతృభాష

ఫ్రాన్సుదేశపు ఉత్తరభాగమున ఎస్తెవెల్ అను చిన్న గ్రామము కలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆ ప్రాంతము రణరంగముగా నుండెను. ఆ గ్రామపు శ్మశానవాటికలో ఒక భారతీయ యువకుని సమాధి ఉన్నది. అతని పేరు ఇంద్రలాల్ రాయ్. యుద్ధవిమానము నడుపుచు, 1918వ సంవత్సరము జులై 22వ తేదీన ఆకాశమున పోరాడి నేలకొరిగిన వీరుడతడు. అప్పటికి అతనికి పందొమ్మిదేండ్లు. ఆ సమాధిపై వంగభాషలో, వంగలిపిలో చెక్కిన వాక్యమొకటి కలదు. ఇది మహావీరుని సమాధి, గౌరవము చూపుడు, తాకకుడు అని దాని భావము.

ఆ ఫ్రెంచి పల్లెలో వంగలిపి చదువగలవారు ఎందరుందురు? మరి ఆ అక్షరములు ఎవరికొరకు? తళవాయిపురము, రాజపాళయము ప్రాంతములలో ఇంట తెలుగు మాటలాడు మనవంటివారు ఈ ప్రశ్నను గూర్చి ఆలోచింపవలెనని నా తలంపు.

ముందుగా ఆ యువకుని చరిత్రను తెలిసికొందము. ఇంద్రలాల్ రాయ్ 1898 డిసెంబరు 2వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి న్యాయవాది. లండను నగరమున సెయింట్ పాల్స్ పాఠశాలలో చదివెను. విద్యార్థిగా నున్నప్పుడే కందకములలో వాడదగిన చిన్న ఫిరంగికి నమూనా గీసి ప్రభుత్వ యుద్ధశాఖకు పంపెను. వైమానికదళమున చేరబోగా చూపు చాలదని వైద్యులు త్రోసిపుచ్చిరి. అతడు నిరాశ చెందలేదు. తన మోటారుసైకిలును అమ్మి, ఆ సొమ్ముతో పేరుపొందిన నేత్రవైద్యునిచేత మరల పరీక్ష చేయించుకొని, తన కన్నులు బాగుగానే యున్నవని నిరూపించుకొనెను. 1917 జులైలో దళమున స్థానము లభించెను. ఆ డిసెంబరులోనే విమానము కూలి గాయపడెను. చికిత్సకాలమున విమానముల బొమ్మలు గీయుచు కాలము గడపెను. 1918 జూనులో 40వ స్క్వాడ్రనులో చేరి మరల ఆకాశమున కెగసెను. జులై 6వ తేదీ మొదలు 19వ తేదీ వరకు, రెండు వారములలో, పది వైమానిక విజయములు అతని లెక్కలో చేరెను. వానిలో కొన్ని తోడివారితో కలిసి సాధించినవి. పిదప మూడు దినములకే కార్వాన్ పట్టణప్రాంతమున జర్మనుల ఫోకర్ విమానములతో పోరాడుచు మరణించెను. మరణానంతరము అతనికి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అను బిరుదపతకము నొసగిరి. దానిని పొందిన మొదటి భారతీయుడతడే. 1998లో, అతని శతజయంతి సంవత్సరమున, భారత తపాలాశాఖ అతని పేర తపాలాబిళ్ళ వెలువరించెను.

ఇచట కొందరొక ఆక్షేపణ చేయవచ్చును. అతడు మనలను పాలించిన తెల్లదొరల పతాకము క్రింద పోరాడినవాడే గదా, అతని స్మారకమును మనమేల గౌరవింపవలెను? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఆ యుద్ధము మనది కాదు. దానివలన మనకు స్వరాజ్యమును రాలేదు. అయినను ఆ సమాధిమీది వంగవాక్యమును చూడుడు. అందులో సామ్రాజ్యపు స్తుతి లేదు. ఇతడు ఏ తల్లి బిడ్డయో, ఏ భాషలో జోలపాట వినినవాడో ఆ అక్షరములే చెప్పుచున్నవి. పతాకములు మారిపోయినవి. అక్షరములు నిలిచినవి. స్మారకమున కన్నిటికంటె ముఖ్యమైన పని ఇదియే యని నా అభిప్రాయము.

ఎస్తెవెల్ గ్రామమున్న ప్రాంతముననే నవ్-షాపెల్ అనుచోట భారతీయసైనికులకై 1927లో నిర్మించిన మహాస్మారకమొకటి కలదు. సమాధి దొరకని 4,700 మందికి పైగా మనవారి పేర్లు అచట చెక్కబడినవి. ఆ స్మారకస్తంభముపై దేవుడొక్కడే, విజయమాయనదే యను భావము గల వాక్యము ఇంగ్లీషులోను, అరబ్బీ, హిందీ, గురుముఖి లిపులలోను ఉన్నది. తెలుగు లేదు, తమిళమును లేదు, వంగభాషయు లేదు. దీనిని నిందగా చెప్పుట లేదు. అన్ని భాషలను ఒక స్తంభముపై చెక్కుట సాధ్యము కాదు. అయినను అందరికై నిర్మించిన స్మారకము ప్రతివాని మాతృభాషను మోయజాలదు. ఆ బరువును ఆ భాషవారే మోయవలెను.

వ్రాత లేనిచోట వీరుని గతి యేమగునో మరియొక వైమానికుని చరిత్ర చెప్పును. కొడగుసీమకు చెందిన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య 1965 సెప్టెంబరు 7వ తేదీన పాకిస్తానులోని సర్గోధా వైమానికస్థావరముపై దాడికి వెడలి తిరిగి రాలేదు. అతడేమి చేసెనో చెప్పుటకు చూచినవాడెవడును మనవైపున లేకపోయెను. తన విమానముకంటె మిక్కిలి వేగము గల శత్రువిమానము నెదిర్చి కూల్చిన తరువాతనే అతడు మరణించెనని 1979లో వెలువడిన జాన్ ఫ్రికర్ అను బ్రిటిషు రచయిత గ్రంథమువలన తెలియవచ్చెను. ఆ గ్రంథము పాకిస్తాను వైమానికదళపు పక్షమునుండి వ్రాయబడినది. కడకు 1988లో, ఇరువది మూడేండ్ల పిమ్మట, మన ప్రభుత్వము అతనికి మహావీరచక్రము ప్రకటించెను. ఆ వ్రాతను చదివి, పోల్చి చూచినవారు లేకున్నచో అతని సాహసము నేటికిని తెలియకుండెడిది.

వీరులకు శిల నెత్తు ఆచారము మనకు క్రొత్త కాదు. తెలుగువారు వీరగల్లు అందురు, తమిళులు నడుకల్ అందురు. పలనాటి యుద్ధము జరిగిన కారెంపూడిలో వీరుల గుడి నేటికిని ఉన్నది. ఏటేట కార్తికమాసమున ఆ వీరుల నారాధింతురు. కథలు పాడువారును, వినువారును తరతరములుగా ఉండుటచేతనే ఆ రణభూమి వట్టి బయలుగా మిగిలిపోలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. ఎస్తెవెల్ సమాధిమీది అక్షరములు ఎన్నడో ఒకనాడు దూరమునుండి వచ్చి, మోకరించి, వానిని పెద్దగా చదువగల మనుష్యునికొరకు చెక్కబడినవి. అట్టివాడు ఉన్నంతకాలము అది శాసనము. లేనినాడు అవి రాతిమీది గీతలు. రాతిని గాలివానలనుండి కాపాడుటకు శాఖలున్నవి, ఉద్యోగులున్నారు. చదువరులను కాపాడుట మాత్రము ఇంటిలో జరుగవలసిన పని.

తలిదండ్రులారా! మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుచున్నారు, వీధిలో తమిళము మాటలాడుచున్నారు. తమిళము మనకు తావిచ్చిన నేల భాష. దానిని చక్కగా నేర్వవలసినదే. ఇంగ్లీషు బ్రతుకుతెరువునకు కావలసినదే. తెలుగు మాట ఇంట వినబడుచున్నది గదా, అక్షరములెందుకని కొందరు తలంతురు. మాట నోటితో పోవును. తాతగారు వ్రాసియుంచిన జాబును, పెండ్లిపత్రికను, గుడిరాతిమీది దాత పేరును మనుమడు చదువలేనినాడు ఆ యింటిలోనే ఒక సమాధి మూగపోయినట్లు.

విద్యార్థులారా! మీకొక చిన్న పని చెప్పుదును. యుద్ధమునకు వెళ్ళినవారు గాని, ఊరికి మేలు చేసి గతించినవారు గాని మీ వంశమున ఎవరైన ఉన్నారేమో అవ్వనో తాతనో అడుగుడు. వారి పేరు, ఊరు, సంవత్సరము, చేసిన పని మీ చేతివ్రాతతో తెలుగున వ్రాసియుంచుడు. తప్పులున్న యుపాధ్యాయులు దిద్దుదురు. దీనికి చలువరాయి అక్కరలేదు, చందాలు అక్కరలేదు, ఒక నోటుపుస్తకము చాలును. చూపు చాలదన్నను వెనుదీయక తన మోటారుసైకిలును అమ్ముకొన్న ఆ బాలుని పట్టుదలలో పదియవ పాలు మనకున్నను ఈ పని తీరును. రాబోవు తరమువారు ఆ నోటుపుస్తకమును విప్పి తెలుగులో చదువగలుగుదురు గాక.