విసుగక ప్రార్థించండి



1854 జనవరి 1న తెల్లవారకముందే జ్యూయెట్ దొరగారు కొందరు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుని పంపుమని మోకరించి వేడుకొన్నారు. ఆ రోజులలో అమెరికాలోని పెద్దలు తెలుగు మిషనును మూసివేయుదమా అని తలంచుచున్నారు. జవాబు వెంటనే రాలేదు. పన్నెండేండ్లకు, 1866లో, క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చారు. 1878 జూలై 3న ఒక్క దినమే గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు.

అమ్మా, త్రాగుడు మానని భర్త కొరకు ఏండ్ల తరబడి మొఱ్ఱపెట్టి అలసిపోయారా? కొండ దిగిన మరునాడు వారికిని ఏమియు మారినట్లు కనబడియుండదు. అయినను ప్రభువు విన్నాడు. లూకా 18లోని విధవరాలిని జ్ఞాపకము చేసికొని, ఈ రాత్రి దీపము ఆర్పకముందు మరల అడగండి.