గింజలో బలమున్నది, గిడ్డంగిలో చోటేది?

దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆరు నెలలు నిండిన, ఐదేండ్లలోపు పసివారిలో ఈ సంఖ్య నూటికి 67. బీడీలు చుట్టే చేతులు, నాట్లు వేసే చేతులు, ఇటుకలు మోసే తలలు ఈ లెక్కలోనివే. రక్తహీనతకు కారణాలనేకం, వాటిలో ఇనుము లోపం ముఖ్యమైనది.

దీనికి ఉపాయం లేకపోలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు రూపొందించిన, ఇనుము అధికంగా గల ‘ధనశక్తి’ సజ్జ 2012లో మహారాష్ట్రలో విడుదలయింది. పిల్లల ఎదుగుదలకు, రోగనిరోధక శక్తికి జింకు అవసరం. సాధారణ రకాల పాలిష్ బియ్యంలో కిలోకు 12 నుండి 16 మిల్లీగ్రాముల జింకు ఉండగా, హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థ 2016లో అందించిన ‘డి.ఆర్.ఆర్. ధాన్ 45’లో అది 22 మిల్లీగ్రాములు దాటింది. 2020 అక్టోబరులో ప్రధానమంత్రి ఇటువంటి 17 వంగడాలను జాతికి అంకితం చేశారు.

అంకితమైతే చేశారు, ఆ గింజ చౌకధరల దుకాణానికి చేరే దారి మాత్రం వేయలేదు!

మార్కెట్టే ఆ పని చేస్తుందని కొందరు పండితులు సెలవిస్తున్నారు. ఎట్లా చేస్తుంది? జింకు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. మద్దతు ధర వరిని ‘సాధారణ’, ‘ఏ గ్రేడు’ అని మాత్రమే ఎరుగును. గింజలోని పోషకానికి అక్కడ విలువ లేదు. అదనపు ధర దక్కని రైతు ఆ విత్తనమే ఎందుకు చల్లాలి? మిల్లులో బియ్యానికి పోషకాలు కలిపే పథకానికి 2024 అక్టోబరులో 17,082 కోట్ల రూపాయలు మంజూరు చేయగలిగిన ప్రభుత్వం, పొలంలోనే పండే పోషకానికి వేరు ధర కట్టలేదా?

మరొక మోసాన్ని కూడ కార్మిక సోదరులు గుర్తించాలి. బలవర్ధకమైన గింజ వచ్చినంత మాత్రాన పప్పు, పాలు, గ్రుడ్లు, ఆకుకూరలు అక్కరలేకుండా పోవు. వాటిని కొనగల వేతనానికి ఏ వంగడమూ ప్రత్యామ్నాయం కానేరదు.

కనుక మన కోర్కెలు సుస్పష్టం. ఈ వంగడాల విత్తనం రైతుకు చౌకగా అందాలి. పంటను బోనసుతో ప్రభుత్వమే వేరుగా సేకరించాలి. చౌకధరల దుకాణాలకు, అంగన్‌వాడీలకు, బడి భోజనానికి ముందుగా చేర్చాలి. ప్రజాధనంతో పుట్టిన విత్తనం ప్రయోగక్షేత్రాల ప్రదర్శనకు కాదు, శ్రమజీవి కంచానికి!